కట్టు విప్పిన చప్పుడు

ముందు చప్పుడు వినిపించింది. నేను ఇంకా మెట్ల మీదే ఉన్నాను. పైన గదిలో ఏదో చర్ర్‌మని చిరిగింది. కాసేపు నిశ్శబ్దం. రెండు మెత్తని వస్తువులు ఒకదానికొకటి అంటుకున్నంత చిన్న అలికిడి. మళ్లీ చర్ర్.

కింద దర్జీ దుకాణం ఉంది కాబట్టి పైన కూడా ఎవరో జాకెట్టు గుడ్డ చించుతున్నారనుకున్నాను. సూర్యాపేటలో ఆ సందంతా కొత్త గుడ్డ వాసనే. తీరా లోపలికి వెళితే గుడ్డ ఎక్కడా లేదు. బల్ల దగ్గర కూర్చున్న ఒకాయన తన ఎడమ చేతికున్న తెల్లటి తొడుగు వెల్క్రో పట్టీని కుడి చేత్తో ఊడదీస్తున్నాడు, అతికిస్తున్నాడు, మళ్లీ ఊడదీస్తున్నాడు. ఆయన శంకరయ్య. మిర్యాలగూడ రైసుమిల్లులో పని, ఇల్లు సూర్యాపేటలోనే. బెల్టు కింద పడి వేళ్లు నలిగాయి. అవతలి మూలలో ఒకామె మాకు వీపు పెట్టి వెడల్పాటి గిన్నెలో నీళ్లు మారుస్తోంది. ఆమె చూడటం లేదు, వింటోంది.

"ఇంకోపాలి, శంకరన్నా," అంది తిరగకుండానే. "సగమే ఊడింది. సప్పుడు సగమే వచ్చింది."

శంకరయ్య నావైపు తిరిగి, "ఈమెకు వీపుల గూడ కండ్లున్నయి సార్," అన్నాడు. ఈసారి చప్పుడు మొదటి నుంచి కొసదాకా నిండుగా వచ్చింది. అప్పుడామె తిరిగింది.

ఆమె పని గురించి రాద్దామని వెళ్లిన నేను మంజులను మొదటిసారి చూడటం అలా జరిగింది.

ఆమె చేతులకు చికిత్స చేస్తుంది. చేతులకు మాత్రమే. విరిగిన ఎముకను డాక్టరు అతికిస్తాడు, తెగినదాన్ని కుడతాడు. ఆ తర్వాత కట్టులో కదలక ఉన్నన్నాళ్లలో వేలి కీళ్లు బిగుసుకుపోతాయి. నొప్పి పోయినా వేలు తిరిగి రాదు. ఒక వేలు వంగి అలాగే ఉండిపోతుంది, ఇంకొకటి వంగనంటుంది. అప్పుడు మనుషులు మంజుల దగ్గరికి వస్తారు. బిగిసిన కీలును ఆమె బలవంతంగా లాగదు. కీలు ఇప్పుడు ఎంతవరకు వస్తుందో అంతకు వెంట్రుకవాసి ఎక్కువకు ఒక తొడుగు చేసి పెడుతుంది. వేలు ఆ తొడుగులో గంటలకొద్దీ పడుకుని, నెమ్మదిగా ఆ వెంట్రుకవాసిని తనది చేసుకుంటుంది. వారం తర్వాత తొడుగును మళ్లీ మలచాలి. డాక్టర్లు దాన్ని స్ప్లింట్ అంటారు. ఇక్కడివాళ్లకు అది వేలికట్టు.

హైదరాబాద్‌లో చదువుకుంది, కొన్నేళ్లు అక్కడే పెద్ద దవాఖానలో పనిచేసింది. సూర్యాపేట నుంచి, మిర్యాలగూడ నుంచి తన దగ్గరికి వచ్చేవాళ్లు మొదటిసారి కనిపించి రెండోసారి కనిపించకపోవడం ఆమెకు తెలిసొచ్చింది. వారం వారం అంత దూరం ఎవరు వస్తారు? వేలికి వారం వారం కావాలి. అందుకని ఆమే వచ్చేసింది. ఎక్కువ రోజులు సూర్యాపేటలో ఉంటుంది. వారంలో రెండు రోజులు కోదాడ, ఒక రోజు మిర్యాలగూడ. రెండు చోట్లా ఎముకల డాక్టర్లు తమ క్లినిక్‌లో ఒక గది ఇచ్చారు. గిన్నె, కత్తెర, ప్లాస్టిక్ పలకలు, పట్టీల చుట్టలు ఒక సంచిలో వేసుకుని బస్సెక్కుతుంది. కండక్టర్లు ఆమెను వంటలు చేసే మనిషి అనుకుంటారట. ఒకాయన తన కూతురి పెళ్లికి భోజనాలు కూడా మాట్లాడబోయాడు.

కింద దుకాణం వాళ్ల నాన్న జోసెఫ్‌ది. గుడ్డ కోసే ముందు ఆయన పాత పేపరును కోసి చూసుకునేవాడు. పేపరు తప్పును క్షమిస్తుంది, గుడ్డ క్షమించదు అనేవాడట. మంజుల కూడా అంతే. రోగి చేతిని పేపరు మీద పెట్టి చుట్టూ గీత గీస్తుంది. ఆ కాగితపు చెయ్యిని కత్తిరించి నిజం చెయ్యి మీద పరిచి, అక్కడో మూల గుండ్రంగా, ఇక్కడో అంచు లోపలికి దిద్దుతుంది. ఆమె బల్ల కింద కత్తిరించిన చేతులు కుప్పగా పడి ఉంటాయి. వాటి మీద వరి ధరలు, వాన వార్తలు, ఎవరివో పెళ్లి ఫోటోలు.

నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరని పని ఆ తర్వాతిది. పలక పాలలా తెల్లగా ఉంటుంది. కాగితం ప్రకారం కోసి వేడినీళ్లలో వేస్తే అంచుల నుంచి మొదలై ఆ తెలుపు కరిగిపోతుంది. నీళ్లలో ఏమీ లేనట్టే ఉంటుంది. మంజుల ఆ లేనిదాన్ని రెండు వేళ్లతో పైకి తీస్తుంది. తువ్వాలు మీద అద్ది ముందు తన మణికట్టు లోపలివైపు ఆనించుకుంటుంది, పసిబిడ్డ పాలు చూసినట్టు. అప్పుడు రోగి చేతి మీద పరుస్తుంది. పలక గుండా చర్మం కనిపిస్తుంది, గోరు కనిపిస్తుంది, పాత గాటు కనిపిస్తుంది. ఆమె రెండు చేతులూ ఆ చెయ్యి చుట్టూ మూతపడతాయి. ఆమె అరచేతుల మధ్య పలక మెల్లగా తెల్లబడుతూ వస్తుంది, చలికాలం పొద్దున పొలాల మీద మంచు దిగినట్టు. పూర్తిగా తెల్లబడ్డాక ఆమె చేతులు తీస్తుంది. ఒక మనిషి చెయ్యి ఆకారం గాలిలో మిగిలిపోతుంది.

ఆ పలకకు ఇంకో గుణం ఉంది. తిరిగి వేడినీళ్లలో వేస్తే ఆ చేతిని మరిచిపోయి మళ్లీ బల్లపరుపుగా పడుకుంటుంది.

పట్టీ ఊడదీసి చూపించకుండా ఎవరినీ గది దాటనివ్వని ఆ పద్ధతి మొదటి నుంచీ ఉన్నది కాదు. ఈ ఎండాకాలంలోనే, కోదాడ గదిలో, రాములమ్మ వల్ల మొదలైంది.

రాములమ్మది అనంతగిరి దగ్గర ఊరు. నాటు ముఠాకు పెద్ద. ఏ పొలానికి ఎప్పుడు దిగాలో మాట్లాడేది ఆమె, వరసలో ముందు నడిచేది ఆమె. ఆమె వేగమే అందరి వేగం. యాసంగి వరి కోతలప్పుడు ట్రాలీ ఆటోలోంచి కిందపడి కుడిచేతి చూపుడువేలు విరిగింది. పక్క ఊళ్లో కట్టు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకుపోయారు. కోడిగుడ్డు సొన, ఆకుపసరు, వెదురు బద్దలు. తాను విప్పేదాకా ఎవరూ ముట్టొద్దని ఆయన కట్టడి. ఆమె ముట్టలేదు. ఎముక అతుక్కుంది. వేలు మాత్రం నడిమి కీలు దగ్గర కొక్కెంలా వంగి ఉండిపోయింది.

నాటు వేసేవాళ్లకు చూపుడువేలు ఎంత పని చేస్తుందో గట్టు మీద నిలబడితే తెలియదు. ఎడమ చేతిలోని నారు కట్ట నుంచి రెండు మూడు పిలకలు విడదీయడానికి అది వంగాలి. బురదలో గుచ్చడానికి చాపుకోవాలి. వంగడం, చాపడం, రోజంతా, ఊపిరి తీసినట్టు. కొక్కెం వేలుతో గుచ్చితే నారు తేలిపోతుంది. సాగర్ కాలువకు నీళ్లు వదిలేలోపు వేలు రాకపోతే వరసలో ఆమె చోటు ఇంకొకరిది అవుతుంది. ఒకసారి ముందు నడక తప్పితే మళ్లీ ముఠా ఆమె వెనక నడవదు. రాములమ్మ మంజులకు మొదటి రోజే చెప్పిన మాట ఇదొక్కటే. నొప్పి గురించి ఏమీ చెప్పలేదట.

మంజుల ఆ వేలు చాపుకునేందుకు ఒక తొడుగు చేసి పెట్టింది. రాత్రి పెట్టుకో, పగలు తీసి వేలును ఆడించు అని చెప్పింది. గది నిండా జనం. రాములమ్మ తలూపి వెళ్లింది. తర్వాతి వారం మంజుల జ్వరంతో కోదాడ పోలేకపోయింది. ఆ పై వారం రాములమ్మ వచ్చింది. చేతి మీద పాలిథిన్ కవరు, దాని మీద దారం చుట్టి ఉంది. దారం తెంపి, కవరు తీసి, పట్టీ ఊడదీస్తే లోపల చర్మం నీళ్లలో నానిన అటుకుల్లా తెల్లబడి ఉంది. వేలు మాత్రం చక్కగా, గీత గీసినట్టు చాపుకుని ఉంది. మంజుల సంతోషపడి, వంచమంది.

వేలు వంగలేదు. ఈసారి చాపుకునే బిగుసుకుపోయింది.

మొదటి రోజు పెట్టినదాన్ని రాములమ్మ ఒక్కసారి కూడా తీయలేదు. స్నానానికీ తీయలేదు, అన్నానికీ తీయలేదు. ఇంట్లోవాళ్లు తీస్తామన్నా చెయ్యి వెనక దాచుకుందట. ఎందుకు తీయలేదని మంజుల అడిగితే ఆమె నిజంగా ఆశ్చర్యపోయింది.

"కట్టింది నువ్వు. కట్టినోల్ల చెయ్యే ఇప్పాలె గద బిడ్డా. నేనెట్ల ఇప్పుత?"

ఆ ఊళ్లల్లో అది అందరికీ తెలిసిన నియమం. కట్టిన చెయ్యి విప్పితేనే ఎముక నిలుస్తుంది. కట్టించుకున్నవాళ్లు తమంతట తాము విప్పుకోవడం కట్టిన మనిషిని అవమానించినట్టు కూడా. రాములమ్మ మంజులకు ఇచ్చిన మర్యాద అది. ఆ మర్యాదే వేలిని మళ్లీ బిగించింది.

ఈ సంగతి చెప్పేటప్పుడు మంజుల గొంతులో రాములమ్మ మీద విసుగు లేదు. ఆ రోజు ఆమెతో పెద్దగా ఏమీ అనలేదట. అది కట్టు కాదని మాత్రం చెప్పింది. దానికి రాములమ్మకు కోపం వచ్చింది.

"కట్టు గాకపోతే మరేంది? సెప్పులోలె ఏసుకునుడు, ఇడుసుడేనా?"

"అవ్ పెద్దమ్మా," అంది మంజుల. "సెప్పులే అనుకో. ఇంట్లకు పోంగ ఇడుస్తవ్, బయటికి పోంగ ఏసుకుంటవ్. సెప్పులు కుట్టినోడే వచ్చి ఇడిపియ్యాలె అంటే ఎట్ల?"

ఆ మాటకు రాములమ్మ తనే నవ్విందట. అప్పుడు మంజుల ఆ పాత తొడుగును గిన్నెలో వేసింది. రాములమ్మ వంగి చూస్తుండగానే అందులోంచి వేలు ఆకారం వెళ్లిపోయింది. ఉత్త పలక మిగిలింది. అదే పలకను మణికట్టు చుట్టూ వెడల్పాటి పట్టీలా మలిచి, చూపుడువేలు కొసకు ఒక మెత్తని ఉచ్చు తొడిగి, రెండింటి మధ్య రబ్బరు బ్యాండు కట్టింది. అది వేలిని అరచేతి వైపు మెల్లగా రమ్మంటుంది. గుంజినట్టు ఉండాలి, నొప్పి రాకూడదు. వేలి కొస తెల్లబడితే వెంటనే విప్పాలి. ఇదంతా చెప్పాక మంజుల తన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "ఇగ నువ్వే ఇప్పు," అంది. రాములమ్మ గడియారం వైపు, గుమ్మం వైపు, బయట వరసగా కూర్చున్నవాళ్ల వైపు చూసింది. ఎడమ చెయ్యి పట్టీ దాకా వచ్చి ఆగిపోయింది. మంజుల మిగతావాళ్లను ఆపి ఆ చప్పుడు కోసం ఎదురుచూసింది. ఎట్టకేలకు అది వచ్చింది. ఆనాటి నుంచి మూడు ఊళ్లల్లోనూ అదే పద్ధతి. తొడుగు పెట్టడం తర్వాత, విప్పడం ముందు నేర్చుకోవాలి.

నేను వెళ్లేనాటికి రాములమ్మ సంగతి సగంలో ఉంది. పగలు వంచే తొడుగు, రాత్రి చాపే తొడుగు, మధ్యలో ఉత్త వేలితో సాధన. ఒక్కో వారం వేలు కొంచెం వచ్చేది, ఒక్కో వారం అలిగినట్టు ఆగిపోయేది. ఒకసారి త్వరగా కావాలని ఆమె రబ్బరు బ్యాండు మీద ఇంకో రెండు బ్యాండ్లు వేసుకుంది. వేలు వాచి కూర్చుంది. తొందరపెడితే కీలు మూసుకుంటుందని మంజుల ఓపికగా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఊళ్లో మాత్రం ఆ చాపుకున్న వేలు పెద్ద వేడుకైపోయింది. ఆమె ఏం మాట్లాడినా ఎవరినో బెదిరిస్తున్నట్టే కనిపించేది. "ఎవలి మీదనే గా కోపం?" అని ముఠాలోని బుచ్చమ్మ రోజూ అడిగేదట. బుచ్చమ్మ ముందు వరసకు ఎప్పటి నుంచో కన్నేసి ఉంది.

ఒకరోజు కోదాడ గదికి వెళ్లేసరికి బల్ల మీద ప్లాస్టిక్ తొట్టి, తొట్టి నిండా బురద. మంజులే తెప్పించింది. క్లినిక్ తుడిచే ఆమె గుమ్మంలో నిలబడి సణుగుతోంది. రాములమ్మ తడి గోనె ముక్కలో చుట్టుకొచ్చిన నారు కట్ట విప్పింది. తొట్టి ముందు కూర్చోలేదు, అలవాటు కొద్దీ నడుం వంచి నిలబడింది. మొదటి పిలకలు జారిపోయాయి. తర్వాతివి వాలిపోయాయి. ఆమె ఎడమ చేతిలోని నారు కట్టను సర్దుకుని ఇంకో రెండు పిలకలు విడదీసింది. మంజుల పక్కకు వచ్చి తాను కూడా ఒక పిలక తీసుకుని గుచ్చింది. అది వెంటనే పడిపోయింది. ఇంకొకటి గుచ్చింది. అదీ పడిపోయింది.

"గట్లనా?" అంది రాములమ్మ. "నీ నాటు సూస్తే కొంగలు నవ్వుతయి. ఏలు దింపాలె, మల్ల సప్పుడుగాకుంట గుంజుకోవాలె. నారుకు ఎరుకగావద్దు."

చూపించబోయి తన వేలే దింపింది. నేర్పే తొందరలో ఆ వేలు బిగిసిందన్న సంగతి మరిచిపోయింది. పిలక నిలబడింది. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత పడినవి చాలా ఉన్నాయి. నిలబడ్డ ఆ ఒక్కటీ తొట్టిలో కొంచెం పక్కకు వాలి, సన్నగా నీడ వేస్తూ ఉంది.

మంజులలో నాకు అన్నిటికన్నా నచ్చింది అక్కడే కనిపించింది. పిలకలు గుచ్చడం తనకు రాకపోవడాన్ని ఆమె దాచుకోలేదు, నటించనూలేదు. నిజంగానే నేర్చుకోవాలనుకుంది. తర్వాతి వారం కూడా తొట్టి తెప్పించి, రాములమ్మతో తిట్లు తింటూ రెండు వరసలు వేసింది. ఒక వేలు ఎంత వంగుతుందో కొలిచే పరికరం ఆమె సంచిలో ఉంది. అయినా ఎంత వంగితే చాలో బురదను కూడా అడిగి తెలుసుకుంది.

సాగర్ నీళ్లు వచ్చాయి. కాలువలు ఎర్రగా నిండి, చివరి పొలాలకు చేరి, నెమ్మదిగా ఆకాశం రంగులోకి తేరుకున్నాయి. కోదాడలో పని ఉన్న రోజు మంజుల కొంచెం ముందే బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. ఆటో దిగి గట్టు మీద నడుస్తుంటే ముఠా దూరం నుంచే కనిపించింది. వంగిన వీపుల వరస. అందరికన్నా ఒక అడుగు ముందు ఎవరున్నారో ఆ దూరం నుంచి తెలియలేదు. మంజుల నడక వేగం పెంచింది. బురద చెప్పుల్ని పట్టుకుంటుంటే వాటిని విడిచి చేత్తో పట్టుకుంది.

ముందున్నది రాములమ్మే. ఆమె వేగం పాత వేగం కాదని బుచ్చమ్మ గట్టు మీదికే వినిపించేలా అంది. "మేస్త్రమ్మ ఎనకట కంటె నిమ్మలమైంది. మా నడుములకు జర సుకమైంది తియ్యి," అని. వరసంతా నవ్వింది. రాములమ్మ తలెత్తకుండానే, నడుం మీద అంత ప్రేమ ఉన్నదానివి ఇంట్లోనే పండుకోపోయినవా అని తిప్పికొట్టింది. నేను ఆమె చేతిని చూస్తున్నాను. చూపుడువేలు పూర్తిగా ముడుచుకోవడం లేదు. పిలకల్ని విడదీసే పని సగం నడిమి వేలు అందుకుంది. గుచ్చే పని మాత్రం చూపుడువేలిదే. అది దిగుతోంది, చప్పుడు లేకుండా తిరిగి వస్తోంది. ఆమె ముందు పచ్చటి గీతలు నిలబడుతున్నాయి. అక్కడక్కడ ఒకటి తేలిపోతే పక్కనున్న మనిషి ఏమీ అనకుండా దాన్ని తిరిగి గుచ్చి వెనక్కి అడుగేస్తోంది.

మధ్యాహ్నం గట్టెక్కి చేతులు కడుక్కుని అన్నం తిన్నారు. రాములమ్మ సద్ది మూటలోంచి తెల్లటి తొడుగు తీసి, ఎవరూ చెప్పకుండానే వేలికి పెట్టుకుని, తుమ్మచెట్టు నీడలో కళ్లు మూసుకుంది. పొలం మీద గాలి. నీళ్లలో నారు కొసలు వణకడం. కొంతసేపటికి అందరూ లేచారు. రాములమ్మ కూడా లేచి, నీళ్లలోకి దిగే ముందు పట్టీ పట్టుకుని లాగింది. చర్ర్. మంజుల నాతో ఏదో చెబుతూ ఆ చప్పుడుకు మాట ఆపింది. కొసదాకా విని, మళ్లీ మాట అందుకుంది.

కోదాడ గదిలో పని చూసుకుని, సాయంత్రం అక్కడి బస్టాండులో నిలబడ్డాం. మర్నాడు పొద్దున్నే మిర్యాలగూడలో శంకరయ్య వంటివాళ్లు ఉంటారని ఆ రాత్రికి అక్కడే బంధువులింట్లో దిగుతానంది. ఆమె పాదాలకు ఇంకా బురద ఉంది. ఈ వేలి గురించి, ఈ పొలం గురించి రాస్తానని చెప్పాను. రాములమ్మ వేలు బాగైపోయిన రోజుతో ముగిస్తానన్నాను. ఆమె సమాధానం చెప్పకముందే మిర్యాలగూడ బస్సు వచ్చింది. సంచి భుజానికెత్తుకుని ఎక్కింది. కిటికీ పక్కన చోటు దొరికాక అద్దం జరిపి కిందికి వంగింది.

"బాగైందని రాయకుండ్రి సార్. ఆ ఏలు ఇంకా ముడుసుకోదు, పూర్తిగ ఎప్పటికీ రాకపోవచ్చు. నాటుకు సరిపోతున్నది. సరిపోతున్నదని రాయుండ్రి."